గట్టు లేని వీధి

గడియారాల వీధిలో బండ్లు ఆపేసి, దాన్ని నడక వీధిగా ప్రారంభించిన పదకొండో రోజున కుర్చీల మామయ్య తప్పిపోయాడు.

ముప్ఫై రెండేళ్లుగా రోజూ నడిచిన దారి అది. ఇంటి గుమ్మం దిగి, బట్టల వీధి పొడవునా నడిచి, కూడలి దాటి, గడియారాల వీధిలోకి తిరిగితే ఆ వీధి చివర ఆయన కొట్టు. కొట్టంటే పెద్దదేమీ కాదు. రెండు బీరువాలు పక్కపక్కన నిలబెడితే ఎంతో అంత. అందులో కూర్చుని పేము కుర్చీలకు అడుగులు అల్లేవాడు. చూపు పదిహేనో ఏటనే పోయింది. కళ్లున్నవాళ్లు అల్లిన కుర్చీని వేలితో తడిమి, వంకర ఎక్కడుందో చెప్పి నవ్వేవాడు. ఏడు గంటలకు ఇంట్లో బయల్దేరితే, ఏడూ ఇరవైకి ఆయన కొట్టు తాళం తీసిన చప్పుడు అయ్యేది. పక్క కొట్టువాళ్లు ఆ చప్పుడు విని లేచేవాళ్లు.

ఆ రోజు తాళం చప్పుడు కాలేదు. ఏదో పని ఉండి రాలేదేమో అనుకున్నారు. పదకొండు గంటలకు ఎవరో కుర్చీ కోసం వచ్చి అడిగితే, అప్పుడు ఇంటికి ఫోను చేశారు. ఇంట్లో అత్తయ్య, ఆయన పొద్దున్నే వెళ్లాడే అంది.

అమ్మడికి మూడు సార్లు ఫోను వచ్చింది. మొదటి రెండు సార్లూ ఆమె కట్ చేసింది. అమ్మడు ఆయన మేనకోడలు. చిన్నప్పుడే తల్లి పోతే ఆ ఇంట్లోనే పెరిగింది. ఇంట్లో అమ్మడు, నగర ప్రణాళిక కార్యాలయంలో డిజైన్ మేడం. ఆ వేళకు ఆమె వేరే నగరాల నుంచి వచ్చిన ఇంజినీర్లకు గడియారాల వీధి బొమ్మలు చూపిస్తోంది. ఒక గోడ నుంచి ఎదుటి గోడ దాకా ఒకే మట్టం, లేత బూడిదరంగు రాయి, చెట్ల చుట్టూ గుండ్రటి బల్లలు. అందరూ మెచ్చుకుంటున్నారు. ఆ వీధిని గీసింది ఆమే.

నాలుగు గంటలకు మామయ్య దొరికాడు. మార్కెట్టు వెనక సరుకు దించే ఆవరణలో, ఒక ఖాళీ చెక్కపెట్టె మీద కూర్చుని ఉన్నాడు. కర్ర మోకాళ్ల మీద అడ్డంగా ఉంది. కుడి అరచెయ్యి గీరుకుపోయింది.

"ఎవరూ?" అన్నాడు అడుగుల చప్పుడు విని.

"నేనే మామయ్యా."

"వచ్చావా. కేకేద్దామనే అనుకున్నాను గానీ ఏమని కేకెయ్యాలో తోచలేదు. తప్పిపోయానని అరిస్తే ఎవరి పిల్లాడో అని వెతుకుతారు కదా."

ఆమె నవ్వలేకపోయింది. లేపి నడిపిస్తుంటే ఆయన ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఒకరి చెయ్యి పట్టుకుని నడవడం ఆమె చూడలేదు. గట్టిగా పట్టుకున్నాడు. ఎముక నొప్పి పుట్టింది. విడిపించుకోలేదు.

"ఎక్కడ దారి తప్పావు?"

"పది రోజులూ గోడ తడుముకుంటూ ఎలాగో పోయాను, ఇవాళ సరుకు అడ్డమొచ్చి పక్కకు జరిగాను. చెట్టు చుట్టూ బల్ల వేశారు చూడు, గుండ్రంది. కర్రకు అంచు తగిలింది. హమ్మయ్య, అంచు దొరికిందని పట్టుకుని పోయాను. పోతూనే ఉన్నాను. ఎన్ని చుట్లు తిరిగానో. చివరికి విసుగొచ్చి ఒక దిక్కుకు నడిచాను. అది ఏ దిక్కో నాకు తెలియదు." కాస్త దూరం నడిచాక మళ్లీ అన్నాడు, "నీ వీధి బాగుందే అమ్మడూ. నున్నగా ఉంది."

ఆ బల్లను ఆమె ఎనిమిది సార్లు గీసింది.

ఆ తర్వాత ఆయన కొట్టుకు వెళ్లలేదు. మర్నాడు ఒంట్లో నలతగా ఉందన్నాడు. వారానికి చలి అన్నాడు. పేము చుట్టలు ఇంటికి తెప్పిస్తానని అత్తయ్య అంటే, చూద్దాంలే అన్నాడు. పొద్దున ఏడు గంటలకు చొక్కా వేసుకుని, చెప్పులు తొడుక్కుని, గుమ్మం పక్క కుర్చీలో కూర్చునేవాడు. ఏడూ ఇరవైకి లేచి చెప్పులు విడిచేవాడు. నాలుగు నెలలకు పోయాడు. గుండె బలహీనపడిందన్నాడు డాక్టరు, వయసు కదా అన్నాడు. వీధి మాట ఎవరూ ఎత్తలేదు.

అమ్మడికి మాత్రం ఒక సాయంత్రం పదే పదే గుర్తొచ్చేది. వీధి ఇంకా కాగితం మీద ఉన్నప్పుడు, అట్టతో చేసిన నమూనా ఒకటి ఇంటికి తెచ్చింది. ఆయనకు చూపించడానికే తెచ్చింది. ఆయన చేతులు కడుక్కుని వచ్చి, బల్ల ముందు కూర్చుని, వేళ్లతో వీధి అంతా నడిచాడు. కొట్లు తడిమాడు. తన కొట్టు దగ్గర ఆగి, ఇంత పొట్టిగానా ఉన్నాను అన్నాడు. తర్వాత వేలు మళ్లీ మొదటికి తెచ్చి, కొట్ల ముందు నేలమీద మెల్లగా జరిపాడు.

"గట్టు ఏదే?"

గట్టంటే కాలిబాటకూ రోడ్డుకూ మధ్య జానెడు ఎత్తు. ఆయన కర్ర ముప్ఫై రెండేళ్లు దాన్నే పట్టుకుని నడిచింది.

"గట్టు ఉండదు మామయ్యా. అంతా సమంగా ఉంటుంది. ఇక ఎవరికీ కాలు తట్టుకోదు."

ఆయన వేలు అక్కడే కొద్దిసేపు ఉంచాడు. "సరేలే. బాగుంది," అన్నాడు.

ఆ మాటను ఆమె అప్పుడు మెప్పు కిందే వేసుకుంది.

*

మామయ్య పోయిన రెండో నెలలో బట్టల వీధి ఫైలు ఆమె బల్ల మీదికి వచ్చింది. గడియారాల వీధి బాగా కుదిరింది కనుక, కూడలికి ఇవతల ఉన్న బట్టల వీధినీ అదే తీరున మార్చాలి. అదే రాయి, అదే మట్టం, అవే బల్లలు. పేరు మార్చి తేదీ వేస్తే చాలు, డ్రాయింగు సిద్ధం.

ఆమె ఫైలు పట్టుకుని పెద్ద ఇంజినీరు గదికి వెళ్లింది.

"ఈ డ్రాయింగు మార్చాలి సార్."

"మళ్లీనా. తొమ్మిదోసారి గీస్తావా బల్లని?"

"బల్లలు కాదు. గట్టు తీసేస్తే కర్రతో నడిచేవాళ్లకు అంచు దొరకదు. గోడ వెంట నడుద్దామంటే కొట్లవాళ్లు సరుకు బయట పెట్టి రాత్రికీ అక్కడే వదిలేస్తున్నారు. ఒక వరస చారల పలకలు వేద్దాం. మీద ఎత్తు చారలుంటాయి. కర్రకూ తెలుస్తుంది, కాలికీ తెలుస్తుంది."

ఆయన పాత ఫైలు తెప్పించి, కాగితాలు తిప్పి, ఒకచోట వేలు పెట్టాడు. "కర్రతో నడిచేవాళ్లు, సున్నా. రెండు వీధుల్లోనూ. కింద సంతకం ఎవరిదో చదవనా?"

"నాదే."

"మరి? సున్నా అన్నదీ నువ్వే, పలకలన్నదీ నువ్వే. పైవాళ్లు అడిగితే ఏం చెప్పను, మా మేడంకు కలొచ్చిందనా?"

నడిచేవాళ్లను లెక్కపెట్టడం వాళ్ల పనిలో మొదటి మెట్టు. వీధికి అడ్డంగా ఒక గీత ఊహించుకుని, ఇటొకరు అటొకరు కూర్చుంటారు. గీత దాటిన ప్రతి మనిషికీ చేతిలోని క్లిక్కర్ ఒకసారి నొక్కుతారు, దాని మీద అంకె ఒకటి పెరుగుతుంది. చక్రాల కుర్చీకీ, పసిపిల్లల బండికీ, చేతికర్రకూ పత్రంలో వేరే గడులుంటాయి. ఎప్పుడు లెక్కపెడతారంటే, రద్దీ వేళ. పదకొండు నుంచి ఒంటిగంట, ఐదు నుంచి ఎనిమిది. ఎంత వెడల్పు ఉండాలి, ఎన్ని బల్లలు పట్టాలి అన్నది రద్దీని బట్టే తేలుతుంది మరి. అంత జనంలో భుజాలు తగిలించుకుంటూ కర్రతో ఎవరూ రారు. వాళ్లు పొద్దున్నే, కొట్లు తెరవకముందు నడుస్తారు. ఆ వేళకు లెక్కపెట్టేవాళ్లు ఎవరూ ఉండరు.

ఏడు గంటలకు తన ఇంట్లోంచే ఒక కర్ర బయల్దేరుతుందని సున్నా రాసేటప్పుడు అమ్మడికి తెలుసు. లెక్కలో కనిపించింది రాయాలి, తెలిసింది రాయకూడదు అని చదువుకుంది. అలాగే రాసింది.

"వేళ తప్పు సార్," అంది. "పొద్దున్న తీయాల్సింది."

పెద్ద ఇంజినీరు చెడ్డవాడేమీ కాదు. మామయ్య పోయినప్పుడు ఇంటికి వచ్చి, చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడినవాడు. కొంచెంసేపు కలం మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు.

"సరే. ఏడింటికి లెక్క తియ్యి. పది రోజులు. రోజుకు ఐదుగురు తేలితే పలకలు వేద్దాం. తగ్గితే పాత డ్రాయింగే. రాయి వచ్చే నెల మొదటి వారంలో దిగుతుంది."

"ఐదే ఎందుకు సార్?"

"ఏదో ఒక అంకె ఉండాలిగా. ఐదైతే చెయ్యి నిండుతుంది."

*

లెక్కకు తోడుగా కండక్టరు బాబాయ్ వచ్చాడు. ముప్ఫై ఏళ్లు సిటీ బస్సులో కండక్టరుగా చేసి, రిటైరయ్యాక ఈ ఆఫీసులో లెక్కల పనికి కుదిరాడు. తల తిప్పకుండా ఎంతమంది ఎక్కారో చెప్పగలడు. మడత స్టూలు వేసుకుని ఎదుటి కాలిబాట మీద కూర్చుని, "రైట్ రైట్" అన్నాడు తనలో తానే.

పొద్దున ఏడింటి బట్టల వీధి అమ్మడు ఎన్నడూ ఇంత నిదానంగా చూడలేదు. షట్టర్లన్నీ దించి ఉన్నాయి. రాత్రి కడిగిన నేల ఇంకా తడిగా ఉంది. గట్టు రాళ్ల అంచులు అరిగి గుండ్రంగా అయ్యాయి. కొన్నిచోట్ల పెచ్చులు లేచాయి. ఊడ్చే ఆవిడ ఒక్కతే వీధి ఆ చివర నుంచి వస్తోంది.

ఒక్కొక్కరే వచ్చారు. టెలిఫోన్ ఆఫీసులో పనిచేసే ఆవిడ, మడత కర్రతో చకచకా. వీపున సంచితో ఒక కాలేజీ అమ్మాయి, చెవిలో ఏదో పాఠం వింటూ. చూపు మందగించిన పెద్దాయన, కర్ర పట్టుకుని కూడా తనకు అన్నీ కనిపిస్తున్నట్టు తల ఎత్తుకుని. ఆయన వెనక కాసేపటికి వయోలిన్ పెట్టెతో సంగీతం మాస్టారు. ఎనిమిదికి ఇద్దరూ క్లిక్కర్లు పోల్చి చూసుకున్నారు.

"కర్రలు నాలుగు," అన్నాడు బాబాయ్.

"నాది ఐదు."

"ఐదోది ఎవరు?"

ఆమె ఆలోచించింది. నొక్కిన గుర్తుంది. టెలిఫోన్ ఆవిడకూ కాలేజీ అమ్మాయికీ మధ్య, ఏడూ పదికి. మనిషి మాత్రం గుర్తు రాలేదు.

"తుమ్మావా? తుమ్మితే బొటనవేలు దానంతటదే నొక్కేస్తుంది. నాకూ అయ్యేది. నా తుమ్ముకు నేనే టిక్కెట్టు కొట్టుకున్న రోజులున్నాయి."

రెండో రోజు ఆమె వేలిని క్లిక్కర్‌కు దూరంగా పెట్టుకుంది. ఏడూ పదికి చప్పుడు వినిపించింది. గట్టు మీద ఒక దెబ్బ, అంచు వెంట ఒక గీకుడు. మళ్లీ దెబ్బ, మళ్లీ గీకుడు. మిగిలిన నలుగురూ కర్రను అటూ ఇటూ ఊపుతూ వస్తారు. ఇలా ఒక దెబ్బ ఒక గీకుడుగా నడిచే మనిషి ఆమెకు ఒక్కరే తెలుసు. తల ఎత్తి చూసేసరికి ఎదురుగా తడి నేల, బాబాయ్ స్టూలు. అంకె మారి ఉంది.

మూడో రోజు క్లిక్కర్ సంచిలో పడేసి, కాగితం మీద పెన్సిలుతో గీతలు గీసింది. ఎనిమిదికి లెక్కపెడితే ఐదు గీతలు.

బాబాయ్ ఇక తుమ్ముల మాట ఎత్తలేదు. నాలుగో రోజు నుంచి తన స్టూలు తెచ్చి ఆమె పక్కనే వేసుకున్నాడు. భయమేస్తోందా అని ఆమె అడిగితే, "ఎండ కోసం," అన్నాడు. ఆమె కూర్చున్న వైపు ఎండ రాదు.

ఆరో రోజున ఊడ్చే ఆవిడ వాళ్ల దాకా వచ్చింది. ఏడూ పది అయ్యేసరికి ఆమె గట్టు పక్కన చీపురు ఆపి, పోగేసిన చెత్తను కాలితో ఇవతలికి లాగి, ఒక అడుగు వెనక్కి జరిగి నిలబడింది. కాసేపు ఆగి మళ్లీ ఊడ్చుకోవడం మొదలుపెట్టింది.

అమ్మడు లేచి వెళ్లింది. "ఎవరికి దారిచ్చారమ్మా?"

"ఎవరికేముంది. ఈ వేళకు చెయ్యి ఆగిపోతుంది. కుర్చీలాయన కర్రకు చెత్త తగిలితే విసుక్కునేవాడు, ఏం తల్లీ, నా రోడ్డు మీద సంసారం పెట్టావా అని."

"ఆయన పోయారు."

"తెలుసు. నాకు తెలిస్తే సరిపోయిందా, చేతికి తెలియొద్దూ," అని ఆవిడ చీపురు దులుపుకుంది.

పదో రోజుకు లెక్క పూర్తయింది. బాబాయ్ కాగితంలో రోజుకు నాలుగు. అమ్మడి కాగితంలో రోజుకు ఐదు. పద్ధతి ప్రకారం ఇద్దరి అంకెలూ కలవాలి. కలవకపోతే ఎవరో ఒకరు దిద్దుకోవాలి. ఎవరు దిద్దుకుంటారన్న దాని మీద బట్టల వీధి పలకలు ఆధారపడి ఉన్నాయి.

బాబాయ్ తన కాగితం ఆమె ముందు పెట్టి, పైన పెన్సిలు పెట్టాడు.

"అమ్మాయ్. ఎక్కనివాడికి నేనెప్పుడూ టిక్కెట్టు కొట్టలేదు, నా తుమ్ములు తప్ప. కానీ నువ్వు ఊ అంటే నా నాలుగుని ఐదు చేస్తాను. ఎవడొచ్చి చూడబోతున్నాడు పొద్దున ఏడింటికి?"

ఆమె పెన్సిలు తీసి ఆయన జేబులో పెట్టింది. కాగితం మాత్రం తీసుకుంది.

*

ఆ సాయంత్రం అత్తయ్య మంచం మీద ఉతికిన బట్టలు మడతపెడుతోంది. అమ్మడు గుమ్మంలో నిలబడింది.

"నీకొకటి చెప్పాలి అత్తయ్యా."

"అలా గుమ్మంలో నిలబడి చెప్పేది మంచి మాటై ఉండదు. కూర్చుని చెప్పు."

కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక చివర నుంచే చెప్పింది. "గడియారాల వీధిలో గట్టు తీసేసింది నేనే."

"తెలుసు."

"మామయ్యకు..."

"ఆయనకు నాకన్నా ముందే తెలుసు. అట్టబొమ్మ తెచ్చావు చూడు, ఆ రోజే అన్నాడు, అమ్మడు గట్టు మర్చిపోయిందే అని."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నేనూ అదే అడిగాను. పిల్ల మొదటిసారి గీసిన వీధి, నా కర్ర కోసం దాన్ని పాడుచేసుకోమంటానా, నాలుగు రోజులు నడిస్తే నాకే అలవాటవుతుంది అన్నాడు. తిట్టాను. ఆయన్ని తిడితే గోడను తిట్టినట్టే, నవ్వుతాడు."

"మర్చిపోలేదు అత్తయ్యా," అంది అమ్మడు. "అక్కర్లేదనుకుని తీసేశాను."

అత్తయ్య చేతిలో చొక్కా మడత సగంలో ఆగింది. దాన్ని విప్పి, మళ్లీ మొదటి నుంచి మడతపెట్టింది.

చాలాసేపటికి అమ్మడు లెక్క సంగతి చెప్పింది. నాలుగు, ఐదు, ఏడూ పది, కర్ర చప్పుడు. వెక్కిరిస్తుందేమో అనుకుంది. అత్తయ్య పాలవాడి గురించి అడిగినట్టే అడిగింది.

"రోజూ వస్తున్నాడా?"

"లెక్కలో వస్తున్నాడు."

"నాకు రాడు. ఏడింటికి నేనూ గుమ్మంలో నిలబడతాను. వీధిలోకి రావాలంటే ముందు ఇంట్లోంచి బయల్దేరాలి కదా. ఇక్కడ అడుగుల చప్పుడు ఉండదు." అత్తయ్య మడతపెట్టిన చొక్కా ఒళ్లో పెట్టుకుంది. "వీధిలో ఉన్నాడంటే ఇంకా ఇల్లు చేరలేదన్నమాట. ఆ రోజు నువ్వు తీసుకొచ్చావు గానీ, పూర్తిగా రాలేదు. నేను అప్పుడే అనుకున్నాను."

"ఐదు అని రాస్తే పలకలు పడతాయి అత్తయ్యా. ఆయన ఉన్నట్టే కదా ఒకరకంగా. రాయనా?"

"వద్దు."

"నలుగురని రాస్తే..."

"ఆయన్ని నీ కాగితంలో నడిపించకు. ఆయన నడవడం మానేశాడు, ఇదే గుమ్మంలో చెప్పులు తొడుక్కుని కూర్చుని మానేశాడు. నేను రోజూ చూశాను. ఎందుకు మానేశాడో అది రాయి. నీ మెడకు చుట్టుకుంటే చుట్టుకోనీ."

అంత మాట అన్నాక, అన్నం తిందువుగాని లే అంది.

*

అమ్మడు మర్నాడు ఆఫీసులో కూర్చుని రెండు పేజీలు రాసింది. మొదటి పేజీ లెక్క పత్రం. కర్రతో నడిచేవాళ్ల గడిలో రోజుకు నాలుగు చొప్పున వేసి, బాబాయ్ సంతకం పక్కన తన సంతకం పెట్టింది. రెండో పేజీలో ఇలా రాసింది.

"పై లెక్కలో లేని ఐదో మనిషి ఈ వీధిలో ముప్ఫై రెండేళ్లు నడిచారు. గడియారాల వీధిలో గట్టు తీసేసి వీధి తెరిచాక పదకొండో రోజున దారి తప్పారు. తర్వాత నడవడం మానేశారు. నాలుగు నెలలకు చనిపోయారు. పాత లెక్క తీసేనాటికి ఆయన నడుస్తున్న సంగతి నాకు తెలుసు. రద్దీ వేళ కనిపించనందువల్ల సున్నా రాశాను. గట్టు తీసేసిన డ్రాయింగు నాది. దాని బదులు మరేదీ పెట్టలేదు. గట్టు ఎక్కడని ఆయన నన్ను అడిగారు. ఆయన నా మేనమామ."

వచ్చిన కాగితాలు నమోదు చేసే ఇన్‌వర్డు గుమాస్తా దగ్గర రెండు పేజీలకూ ముద్ర వేయించి, పెద్ద ఇంజినీరు ముందు పెట్టింది. ఆయన రెండో పేజీ రెండు సార్లు చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇది ఎవరు రాయమన్నారు నిన్ను?"

"మా అత్తయ్య."

"మొదటి పేజీ నా దగ్గర ఉంచుతాను. రెండోది తీసుకుపో."

"ముద్ర పడింది సార్. రెండింటికీ."

ఆయన పేజీని వెలుతురుకు ఎత్తి ముద్ర చూశాడు, అది నిజమేనా అన్నట్టు. "నేను ఐదన్నాను. నువ్వు నాలుగు తెచ్చావు."

"అవును సార్."

"ఐదని రాసి ఉంటే నేను తిరిగి చూసేవాణ్ణి కాదు. సంతకం పెట్టేవాణ్ణి."

"తెలుసు సార్."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. అక్కడి నుంచి గడియారాల వీధి ఒక ముక్క కనిపిస్తుంది. ఒక చెట్టు, ఒక బల్ల, బల్ల మీద కూర్చున్న జనం వీపులు. ఆ వీధి ప్రారంభించిన రోజున రిబ్బను కోసే కత్తెర పళ్లెం పట్టుకున్నది ఆయనే.

"బట్టల వీధికి పలకలు వేద్దాం," అన్నాడు చివరికి, అటు తిరిగే. "నలుగురు చాలు. గడియారాల వీధి మాట మాత్రం ఎత్తొద్దు. ఏడాది కాలేదు ప్రారంభించి. ఇప్పుడు రాయి లేపితే, లేపినంత మేరా తప్పు చేశామని మనమే చాటింపు వేసినట్టు."

"తప్పే కదా సార్."

"కాగితం మీద రాశావు కదమ్మా. రాయి మీద కూడా రాయాలా?"

వారం తిరిగేసరికి సంజాయిషీ అడుగుతూ ఆమెకు నోటీసు వచ్చింది. జవాబుగా ఆ రెండో పేజీ నకలే పంపింది. డిజైన్ విభాగం నుంచి తీసి మరమ్మతుల విభాగంలో వేశారు. కింది అంతస్తులో, చిల్లుపడిన కాలవ మూతల మధ్య బల్ల. కండక్టరు బాబాయ్ చూడ్డానికి వచ్చి, గది అంతా కలయజూసి, "చివరి స్టాపు. అందరూ దిగాల్సిందే," అన్నాడు. ఆమె చాలా రోజుల తర్వాత నవ్వింది.

బట్టల వీధి పని నాలుగు నెలలు పట్టింది. గట్టు పోయింది. దాని చోట, గోడలకు దూరంగా, జానెడున్నర వెడల్పున పసుపుపచ్చ చారల పలకలు ఒకే వరసలో కూడలి దాకా వేశారు. వాటి మీద సరుకు పెట్టకూడదని కొట్లవాళ్లకు చెప్పడం మరమ్మతుల విభాగం పని. అమ్మడు కొట్టుకొట్టుకూ తిరిగి చెప్పింది. రెండు మూడు చోట్ల మాటలు పడింది. వీధంతా మీ అత్తగారి సొత్తా అన్నాడొకాయన.

వీధి తెరిచిన మూడో రోజున ఏడింటికి ఆమె వెళ్లి నిలబడింది. టెలిఫోన్ ఆవిడ వచ్చింది. కర్ర మొన చారల మీద సన్నగా గరగరమంటూ జారుతోంది. అడుగు ఎక్కడా తడబడలేదు. కూడలి దగ్గరికి వచ్చాక పలకలు అయిపోయాయి. ఆవిడ ఆగి, కర్రను కుడికీ ఎడమకూ చాచి వెతికింది. ఏమీ తగల్లేదు. కాసేపు నిలబడి, దగ్గరికి వస్తున్న అమ్మడి అడుగుల చప్పుడు విని, "కొంచెం ఆ పక్కకు దాటిస్తారా," అని అడిగింది. అమ్మడు చెయ్యిచ్చింది.

ఆవిణ్ణి దాటించి తిరిగి వస్తుంటే ఏడూ పది అయింది. ఒక దెబ్బ, ఒక గీకుడు. ఇప్పుడు కింద గట్టు లేదు కనుక చప్పుడు మారింది, నడక మాత్రం అదే. బట్టల వీధి పొడవునా పలకల మీదుగా వచ్చింది. ఆమెను దాటింది. ఆమె తల ఎత్తి చూడలేదు. ఆఖరి పలక దాకా వెళ్లి ఆగిపోయింది. ముందుకు వెళ్లిన చప్పుడు లేదు, వెనక్కి తిరిగిన చప్పుడూ లేదు. కొట్ల షట్టర్లు లేచేదాకా అమ్మడు అక్కడే నిలబడింది.

గడియారాల వీధికి కూడా పలకలు వేయమని ఆమె ఇప్పటికి మూడు అర్జీలు పెట్టింది. మూడింటికీ ముద్ర పడింది. ఒక్కదానికీ జవాబు రాలేదు. కూడలి నుంచి కుర్చీల కొట్టు దాకా ఇంకా ఒక్క పలక కూడా వేయలేదు.